సున్నా చూపించిన తొట్టి

మేనేజర్ గారూ, ఆ మనిషిని చంపింది మీరు. మీ పైన ఓనరు. మీ ఇద్దరి పైన, ఏడాదికోసారి వచ్చి టీ తాగి, తొట్టి మూత కూడా ఎత్తించకుండా సంతకం పెట్టి పోయే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు. ముగ్గురూ కలిసి చంపారు. చంపి, ఆ నేరాన్ని తీసుకెళ్ళి చచ్చిపోయినాయన మరదలి నెత్తిన రుద్దారు. కంప్యూటర్ అమ్మాయి తప్పు చేసింది, మనిషి పోయాడు, మధ్యలో మేమేం చేస్తాం అని గేటుకి నోటీసు అంటించారు. ఆ నోటీసు చింపింది నేనే. మళ్ళీ అంటించండి, మళ్ళీ చింపుతాను.

నేను అదే ఫ్యాక్టరీలో, రంగుల షెడ్డులో, తడి బట్ట పిండే మిషను మీద పనిచేస్తాను. నేను చూసిందీ, చూసినవాళ్ళు నాతో చెప్పిందీ రాస్తున్నాను. పోలీసులు ఆ అమ్మాయి మీద కేసు రాసుకుపోయారు. అది నిలబడితే ఆమె జైలుకి పోతుంది. నిలబడేదీ లేనిదీ ఆమె అక్క నోటి మాట మీద ఉండింది. ఆ అక్క ఎవరో కాదు, చచ్చిపోయినాయన భార్య. ఆమేమో చెల్లెల్ని గుమ్మం తొక్కనివ్వడం లేదు.

పోయినాయన్ని షెడ్డులో అందరం ఈలాయన అనేవాళ్ళం. బట్టలకి రంగు వేశాక మిగిలే నీళ్ళన్నీ షెడ్డు వెనక భూమిలో కట్టిన తొట్టిలోకి పోతాయి. రెండు నిలువుల లోతు. అడుగున మడ్డి పేరుకుంటుంది. మడ్డి ఎక్కువై నీళ్ళు పొంగి యార్డులోకి వచ్చినప్పుడు మూత తీసి, మనిషి దిగి, బకెట్లతో తోడాలి. మిషను పెట్టి తోడొచ్చు. పెట్టరు. మనిషి చవక. దిగేది ఈలాయన. దిగిన దగ్గర నుంచి ఎక్కేదాకా ఈల వేస్తూనే ఉండేవాడు. అందులో పాటా ఉండదు, రాగమూ ఉండదు, కుక్కర్‌కి జలుబు చేసినట్టు ఉండేది. పైన తాడు పట్టుకునే మేస్త్రీకి ఆ చప్పుడు వినపడుతుంటే లోపల మనిషి బాగున్నట్టు లెక్క. ఒకసారి మేస్త్రీ, చెవులు చిల్లులు పడుతున్నాయి, ఇంకేదన్నా పాట నేర్చుకోరాదా అని విసుక్కుంటే, ఆయన మడ్డి మొహంతో పైకొచ్చి, "టిక్కెట్టు కొన్నావా నువ్వు?" అని అడిగాడు.

ఆ మడ్డిలోంచి గ్యాసు పుడుతుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. కొంచెం ఉంటే కళ్ళు మండుతాయి, కడుపులో తిప్పుతుంది. బాగా ఎక్కువైతే వాసన రావడం మానేస్తుంది. గాలి బాగుపడి కాదు, ముక్కు చచ్చిపోయి. ఆ తర్వాత రెండు మూడు ఊపిరులు, అంతే. అందుకని ముక్కుని నమ్మడానికి లేదు. చేతిలో పట్టుకునే మీటరు ఇప్పించమని అడిగాం. ఖరీదన్నారు. పాత సామాన్లు అమ్మే చోట వెతికి ఒక ప్రోబు తెచ్చారు. పొడుగాటి వైరు చివర వేలెడంత గొట్టం, అదే ప్రోబు. దాన్ని తయారు చేసిన కంపెనీ అప్పటికే మూతపడింది. గొట్టాన్ని తొట్టిలోకి వదిలి, వైరు రెండో కొస షెడ్డు క్యాబిన్‌లో ఉన్న కంప్యూటర్‌కి గుచ్చితే తెర మీద పెద్ద అంకె వస్తుంది. గ్యాసు ఎంతుందో ఆ అంకె. పది లోపుంటే దిగొచ్చు. దాటితే తెర ఎర్రబడి మోత మోగుతుంది.

క్యాబిన్‌కి అద్దం ఉంది కాబట్టి తొట్టి దగ్గర నుంచుంటే ఆ అంకె కనపడుతుంది. దాని మీద మేమే ఒక పద్ధతి పెట్టుకున్నాం. మేస్త్రీ అంకె చదివి గట్టిగా అరవాలి. దిగేవాడు ఒకళ్ళ మాట మీద పోకుండా తన కళ్ళతో చూసి, అదే అంకె మళ్ళీ అరవాలి. అప్పుడే మెట్టు మీద కాలు. పద్ధతి మంచిదే. అంకె అబద్ధం చెప్తుందని మాత్రం ఎవడూ అనుకోలేదు.

ఈలాయన ఇంట్లో ఈ తొట్టి సంగతే చెప్పలేదు. పంపు దగ్గర పని, స్విచ్చి వేయడం, తీయడం, కూర్చుని ఉండడం అని చెప్పుకున్నాడు. తొట్టి తెరిచిన రోజున షెడ్డు కుళాయి కింద సబ్బరిగేదాకా రుద్దుకుని, వేరే బట్టలు వేసుకుని పోయేవాడు. భార్య ఇంట్లో కుట్టుమిషను మీద స్కూలు పిల్లల బట్టలు కుడుతుంది. ఆమె చెల్లెలు చిన్నప్పటి నుంచి ఆ ఇంట్లోనే పెరిగింది. కంప్యూటర్ చదువు చదివించింది బావే. అదే ఫ్యాక్టరీ ఆఫీసులో ఆమెకి ఉద్యోగం వచ్చాక ఇంట్లో ఆమెని ఆఫీసరమ్మ అని పిలిచేవాడు. ఆఫీసరమ్మగారు చల్లటి గదిలోంచి వచ్చారు, విసనకర్ర దాచెయ్యవే, జలుబు చేస్తుంది అని పెళ్ళానికి చెప్పేవాడట. ఆమె ఊరుకునేది కాదు. స్విచ్చి వేసి వేసి బావ వేలు అరిగిపోయిందక్కా, అన్నం నువ్వే కలిపి పెట్టు అనేది. నవ్వుకునేవాళ్ళు. పంపు మాట అబద్ధమని ఆ నవ్వులో ఎవరికీ తట్టలేదు.

ఇద్దరూ ఒకే గేటులోంచి లోపలికి పోతారు, సరే. కానీ షెడ్డు వాళ్ళు ఆఫీసులోకి రాకూడదు, ఆఫీసు వాళ్ళు షెడ్డు వాళ్ళతో మాట్లాడకూడదు. అది ఈ ఫ్యాక్టరీ నియమం. మాట్లాడుకుంటే ఎవరికి ఏం తెలిసిపోతుందోనని భయం. ఆ నియమం ఎవరు పెట్టారో గుర్తుంచుకోండి.

ఇప్పుడు డిస్కు సంగతి. తొట్టిలోకి గాలి కొట్టే బ్లోయరు కాలిపోతే, కొత్తది పెట్టమని మేం ఒక పూట పని ఆపి కూర్చున్నాం. బ్లోయరు రాలేదు. కెమెరాలు వచ్చాయి. మంచినీళ్ళ కుళాయి పైన ఒకటి, బాత్రూము గుమ్మం ఎదురుగా ఒకటి, అన్నం తినే బల్లల మీద రెండు. తొట్టి దగ్గర ఒక్కటీ పెట్టలేదు. మేనేజరు నుంచుని మాట్లాడే క్యాబిన్‌లోనూ పెట్టలేదు. ఎవడు బాత్రూములో ఎంతసేపున్నాడో ఓనరు ఇంట్లో కూర్చుని చూసుకోవాలట. ఈ రికార్డింగులన్నీ వచ్చి పడేది ప్రోబు గుచ్చే ఆ క్యాబిన్ కంప్యూటర్‌లోనే. రోజూ పడి పడి దాని డిస్కు నిండిపోయింది. ఊపిరాడక మూలిగింది. లేబుళ్ళు అచ్చు కావడం ఆగింది, లేబుల్ లేక సరుకు ఆగింది, లారీలు గేటు దగ్గర నిలబడిపోయాయి. అప్పుడు మేనేజరు గారికి కంప్యూటర్ అమ్మాయి గుర్తొచ్చింది.

ఆమె వచ్చి చూసి ఉన్నదున్నట్టు చెప్పింది. డిస్కు తినేస్తున్నది రికార్డింగులు, పాతవి తీసేస్తే చాలు, లేదంటే ఇంకో డిస్కు కొనండి అంది. రికార్డింగుల మీద చెయ్యి వేశావంటే ఊరుకోనన్నాడు. కొత్త డిస్కు అంటే వచ్చే ఏడు చూద్దామన్నాడు. ఇంకెక్కడన్నా ఖాళీ చెయ్యి, చదువుకున్నదానివేగా అన్నాడు. ఇటు చూస్తే గొయ్యి అటు చూస్తే నుయ్యిలా ఉన్న పనిని చిన్న ఉద్యోగి చేతిలో పెట్టి పక్కన నుంచోవడం వీళ్ళకి వెన్నతో పెట్టిన విద్య.

ఆమె ముందు చెత్త ఫైళ్ళు తీసేసింది. చాలలేదు. పాత అప్‌డేట్లు తీసేసింది. చాలలేదు. చివరికి డ్రైవర్ల మీద పడింది. కంప్యూటర్‌కి ఏ సామాను తగిలించినా, దాని మాట కంప్యూటర్‌కి అర్థమయ్యేలా చెప్పే చిన్న ప్రోగ్రామ్ ఒకటి ఉంటుంది. దాన్ని డ్రైవర్ అంటారు. సామాను ఊడదీసినా అది లోపల అలాగే పడి ఉంటుంది, మళ్ళీ ఎప్పుడు తగిలిస్తారో అని. కొత్తది వచ్చినా పాతది కూడా ఉంటుంది. ఏళ్ళ తరబడి అలా పేరుకుంటాయి. అక్కర్లేని డ్రైవర్లని తీసేస్తున్నారని క్యాబిన్‌లోంచి మాట బయటికి పొక్కి, గేటు దగ్గర లారీ డ్రైవర్లు కాసేపు గోల పెట్టారు. ఒకాయన లోపలికొచ్చి, నన్ను తీసేస్తే సరుకు మీ బాబు మోస్తాడా అని నిలదీశాడు కూడా. మేం పడీ పడీ నవ్వాం. ఆ ఫ్యాక్టరీలో మేం నవ్వడం అదే ఆఖరు.

ఆమె ఒక చిన్న ప్రోగ్రామ్ తెరిచింది. అది లోపలున్న డ్రైవర్లన్నీ వరసగా చూపించింది. దేని సామాను ఇప్పుడు తగిలించి ఉందో, దేనిది లేదో పక్కనే చెప్తుంది. తెర బొమ్మలకి సంబంధించిన పాత డ్రైవర్లు నాలుగైదు, ఒక్కొక్కటి గున్న ఏనుగంత. ఎప్పుడో పారేసిన ప్రింటర్‌వి, స్కానర్‌వి. వాటికి టిక్కులు పెట్టుకుంటూ పోయింది. అడుక్కి వచ్చేసరికి పేర్లు లేనివి కొన్ని ఉన్నాయి, అక్షరాలు, అంకెలు కలిపి ఉన్నవి. సామాను తగిలించి లేదని చూపిస్తోంది. అక్కడ ఆమె చెయ్యి ఆగింది. వెనక నుంచున్న మేనేజర్ వైపు తిరిగింది.

"సార్, దీనికి ఇంకేమన్నా తగిలిస్తారా? ఎప్పుడన్నా ఒకసారి వాడేవి?"

"కంటికి కనపడేవే ఉన్నవి. కనపడనివన్నీ పీకెయ్."

ఆమె అద్దంలోంచి బయటికి చూసింది. మేస్త్రీ అక్కడే డ్రమ్ములు దొర్లిస్తున్నాడు. ఆయన్ని ఒకసారి అడగనా సార్ అంది. వాళ్ళకేం తెలుసు, వాళ్ళతో నీకేం పని అన్నాడు. ఆమె టిక్కు పెట్టింది. డిలీట్ కొట్టింది.

అలా పోయిన ప్రోబు డ్రైవర్ సైజు ఎంతో తెలుసా మేనేజర్ గారూ? ఫోన్‌లో తీసుకునే ఒక్క ఫోటో అంత కూడా లేదు. దాన్ని తీసేస్తే డిస్కులో ఒరిగిందేమీ లేదు. బాత్రూము గుమ్మం మీద కెమెరా ఒక్క పూట తీసిన రికార్డింగు అలాంటివి వేలు మింగుతుంది. ఈలాయన ప్రాణం కన్నా ఎవడెన్నిసార్లు బాత్రూముకి వెళ్ళాడన్నది మీకు ఎక్కువైంది. ఇది తిట్టు కాదు. ఆ డిస్కు తెరిచి చూసుకోండి, కొలతే అది.

ఆ తర్వాత ఆమె తగిలించి ఉన్నవన్నీ పరీక్ష చేసింది. లేబుల్ అచ్చయింది. త్రాసు తూచింది. కెమెరాలు కనపడ్డాయి. కంప్యూటర్ లేడిపిల్లలా పరుగెత్తింది. మేనేజరు శభాష్ అన్నాడు. ఆ సాయంత్రం ఇంట్లో భోజనాల దగ్గర ఆమె, మీ షెడ్డు కంప్యూటర్‌ని ఇవాళ నేనే బాగు చేశాను బావా అని చెప్పింది. ఆయన, అయితే మీ షెడ్డు అనకు, మన షెడ్డు అను, పార్టీలో చేరిపోయావు అన్నాడట. తొట్టి గురించి ఆయన చెప్పలేదు. డ్రైవర్ల గురించి ఆమె చెప్పలేదు. చెప్పుకోవాల్సిన ఇద్దరూ ఒక కంచానికి అటూ ఇటూ కూర్చుని అన్నం తిని లేచారు.

ఆ వారంలోనే యార్డులోకి నీళ్ళు పొంగాయి. మేస్త్రీ ఆఫీసు నుంచి ప్రోబు తెచ్చి తొట్టిలోకి వదిలి, వైరు గుచ్చాడు. ప్రోగ్రామ్ ఎప్పటిలాగే తెరుచుకుంది. డ్రైవర్ లేదు కాబట్టి ప్రోబు చెప్పేది కంప్యూటర్‌కి వినపడదు. వినపడటం లేదని ఆ ప్రోగ్రామ్ చెప్పొచ్చు కదా. చెప్పదు. దాన్ని రాసిన మహానుభావుడెవడో, ఏమీ వినపడకపోతే సున్నా చూపించేలా రాశాడు. చెవిటివాడు అంతా ప్రశాంతంగా ఉందన్నట్టు. ఎప్పుడూ ఆ తెర మీద రెండు, నాలుగు, మూడు అని అంకె ఊగుతూ ఉండేది. ఆ రోజు సున్నా దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది.

మూత తీయగానే వాసన గుప్పుమంది. కాసేపటికి తగ్గింది. తగ్గిందనే అనుకున్నారు.

మేస్త్రీ సున్నా అని అరిచాడు. ఈలాయన అద్దం వైపు చూశాడు. సున్నా అని అరిచాడు. తొట్టికి ఎవరో స్నానం చేయించినట్టున్నారే ఇవాళ అన్నాడు. నడుముకి తాడు కట్టుకుని, ఈల వేసుకుంటూ దిగాడు.

సగం మెట్లు దిగేసరికి ఈల ఆగింది. ఊపిరి తీసుకుంటున్నాడేమో అనుకున్నాడు మేస్త్రీ. పిలిచాడు. ఇంకోసారి పిలిచాడు. తాడు లాగితే బరువు తగిలింది గానీ కదల్లేదు, మెట్ల కింద ఇరుక్కుంది. అరుపులు విని నేను మిషను ఆపేసి పరుగెత్తాను. అప్పటికే మేస్త్రీ లోపలికి ఒక కాలు పెట్టాడు. నేనూ ఇంకో ఇద్దరం ఆయన నడుం పట్టుకుని వెనక్కి లాగాం. వదలండ్రా అని అమ్మనీ అక్కనీ తిట్టాడు, నా చెయ్యి కొరికాడు. వదిలితే రెండో శవం. లాగుతూ లాగుతూ నేను అద్దం వైపు చూశాను. తెర మీద అప్పటికీ సున్నాయే.

ఫైరింజను వాళ్ళు మొహాలకి మాస్కులు వేసుకుని దిగి పైకి తీశారు. అప్పటికి ఏమీ మిగల్లేదు. ఆస్పత్రిలో ఆయన్ని చూపించినప్పుడు భార్య ఏడవలేదు. చేతులు, చెవులు, జుట్టు చూసింది. పంపు దగ్గర కూర్చునే మనిషికి ఇంత మడ్డి ఎలా అంటింది అని అడిగింది. మాలో ఒక్కడూ నోరు విప్పలేదు.

కంపెనీ మాత్రం వెంటనే విప్పింది. ఎక్కడి నుంచో ఒక కంప్యూటర్ ఆయన్ని పిలిపించారు, డ్రైవర్ లేదని తేల్చారు, తీసింది ఎవరో తేల్చారు. బ్లోయరు కాలిపోయిన సంగతి తేల్చలేదు. మాస్కులు లేని సంగతి తేల్చలేదు. ఆమెని ఉద్యోగంలోంచి తీసేసి పోలీసులకి పేరిచ్చారు. మనవాళ్ళలోనే కొందరు, బావ చేతి అన్నం తిని బావనే మింగింది అన్నారు. వాళ్ళ మొహం మీదే చెప్తున్నాను, ఆ మాట అన్న ప్రతివాడూ ఆ రోజు మేనేజర్‌కి జీతం లేని నౌకరు.

అక్క, చెల్లెలి సంచి తెచ్చి గుమ్మం బయట పెట్టి తలుపేసుకుంది. ఆ అమ్మాయి తలుపు కొట్టలేదు. మెట్టు మీద కూర్చుంది. మేస్త్రీ భార్య వెళ్ళి, లేమ్మా, ఇక్కడ కూర్చుంటే నీకూ మీ అక్కకీ ఇద్దరికీ నరకమే అని తనతో తీసుకుపోయింది. వాళ్ళింట్లో ఆ అమ్మాయి అన్నం ముందు పెడితే తినేది, ఎత్తేస్తే ఊరుకునేది. పొద్దస్తమానం కుడిచేతి వేలు వైపు చూసుకునేదట.

ఇంతలో మేనేజరు అక్క దగ్గరికి వెళ్ళాడు. పండ్లు తీసుకెళ్ళాడు. మీ ఆయన మాకు తమ్ముడి లాంటివాడన్నాడు. ఆఫీసులో ఉద్యోగం ఇస్తాం, కుట్టుమిషను కష్టం ఉండదన్నాడు. ఇన్‌స్పెక్టరు అడిగితే ఒక్క మాట చెప్పాలి అంతే, కంపెనీ మీద నాకు ఫిర్యాదు లేదు, జరిగిందంతా మా ఇంటి పిల్ల చేసిన పొరపాటు అని. ఆమె అంతా విన్నది. ఆయన ఎక్కడ చచ్చిపోయాడో నాకు చూపించండి అంది. దారికొస్తోందనుకున్నాడు మేనేజరు. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజున కారు పంపించి మరీ పిలిపించాడు.

ఆ రోజు క్యాబిన్‌లో ఇన్‌స్పెక్టరు, మేనేజరు, అక్క ఉన్నారు. మా తరపున మేస్త్రీ, నేను. ఏం చేశావో చేసి చూపించమని ఆ అమ్మాయిని కూడా రప్పించారు. అక్క ఆమె వైపు చూడలేదు. గోడ వైపు తిరిగి నుంచుంది. ఆ అమ్మాయి సాకులు చెప్పలేదు. నేనే తీసేశాను సార్, పేరు చూశాను, అదేంటో తెలియలేదు, టిక్కు పెట్టాను అంది. మేనేజరు ఇన్‌స్పెక్టర్ వైపు చూసి తలూపాడు, పని అయిపోయినట్టే. అప్పుడా అమ్మాయి ప్రోబు తగిలించమంది. తగిలించారు. సున్నా. తొట్టిలోంచి పైనుంచే తాడుతో ఒక బకెట్టు మడ్డి తోడించి యార్డులో పెట్టమంది. మేమంతా ముక్కులు మూసుకుని వెనక్కి జరిగాం. మేస్త్రీ గొట్టం తీసుకెళ్ళి మడ్డిలో గుచ్చాడు. అద్దంలోంచి చూశాం. సున్నా.

అక్క ముక్కు మూసుకోలేదు. బకెట్టు దాకా నడిచి వెళ్ళింది. వంగి చూసింది. తిరిగొచ్చి తెర ముందు నుంచుంది. ఆయన దిగే ముందు చూసింది ఇదేనా అని మేస్త్రీని అడిగింది. ఇదేనమ్మా, నేనే సున్నా అని అరిచాను అన్నాడు మేస్త్రీ. ఆమె వైరుని చేతిలోకి తీసుకుని, మేనేజర్ వైపు తిరిగింది.

"ఇది మామూలప్పుడు ఎక్కడ ఉంటుంది?"

"నా గదిలో, నా బీరువాలోనమ్మా. తాళం నా దగ్గరే ఉంటుంది. తొట్టి తెరిచినప్పుడల్లా నా చేత్తోనే తీసిస్తాను. అంత జాగ్రత్తగా చూసుకుంటాం."

ఎంత గర్వంగా చెప్పాడో మీరు చూడాల్సింది. మేం చెమ్మలో పెట్టి పాడు చేస్తామని, మా చేతుల్లో పోతుందని ఆయన భయం. అంతమంది ముందు తన జాగ్రత్త చెప్పుకునే అవకాశం వచ్చింది, చెప్పుకున్నాడు. ఏం చెప్పాడో ఆయనకి ఇంకా తెలియలేదు. ఇన్‌స్పెక్టర్‌కి తెలిసింది, కలం మూత పెట్టాడు.

"మా చెల్లి ఇంకేమన్నా తగిలిస్తారా అని అడిగినప్పుడు మీరేం చెప్పారు?" అంది అక్క. ఆ సంగతి ఆమెకి మేస్త్రీ భార్య చెప్పింది, తలుపు ఇవతల నుంచుని, అవతల మనిషి వింటోందో లేదో తెలియకుండానే చెప్పి వచ్చింది.

మేనేజరు తనకి గుర్తు లేదన్నాడు. రోజుకి వంద మాట్లాడతామన్నాడు.

"బీరువా గుర్తుంది కదా. తాళం గుర్తుంది కదా. ఈ గదిలో ఆ రోజు ఉన్నది మీరిద్దరే. ఈ వైరు సంగతి మా చెల్లికి తెలియదు, మీకు తెలుసు. అది అడిగింది. మీరు చెప్పలేదు." ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "రాసుకోండి. నా ఫిర్యాదు ఈయన మీద."

కంపెనీ మీద కాదు కదమ్మా అని ఇన్‌స్పెక్టరు మెల్లగా అడిగాడు, దారి చూపిస్తున్నట్టు. తొట్టిలోకి మనిషిని దింపేవాళ్ళందరి మీదా అంది. కలం మూత తీసేదాకా అక్కడే నుంచుంది.

బయట గేటు దగ్గర చెల్లెలు ఆమెకి దూరంగా ఆగిపోయింది. అక్క నడుస్తూ నడుస్తూ వెనక్కి చూడకుండానే మాట్లాడింది. "చెయ్యి నీదే. అది నేను మర్చిపోతానని అనుకోకు. నడు, ఇంటికి."

ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. మేస్త్రీ భార్య వెళ్ళి చూసి వస్తోంది. అక్క అన్నం వండి పెడుతుంది, పిలవదు. మిషను తొక్కుతుంది. చెల్లెలు గుండీలు కుడుతుంది. సూది దారం కావాలన్నా ఒకళ్ళనొకళ్ళు అడగరు, లేచి తీసుకుంటారు. ఇది చదివి, పోనీలే కలిశారు కదా అని ఊపిరి పీల్చుకునేవాళ్ళు వెళ్ళి ఆ ఇంట్లో ఒక్క పూట కూర్చుని రండి.

ఇన్‌స్పెక్టరు రాసుకున్నది ఏమైందని అడిగితే విచారణలో ఉందన్నారు. అమ్మాయి మీద కేసు అలాగే ఉంది. మేనేజరు అదే కుర్చీలో ఉన్నాడు. బ్లోయరు రాలేదు. కెమెరాలకి మాత్రం కొత్త డిస్కు వచ్చింది, వచ్చే ఏడు చూద్దామన్నది అప్పుడే వచ్చేసింది. ప్రోబుకి డ్రైవర్ ఎక్కడా దొరకలేదు, చేసిన కంపెనీయే లేదు.

ఇవాళ పొద్దున యార్డులోకి మళ్ళీ నీళ్ళు పొంగాయి. మాలో ఎవరమూ దిగం అని చెప్పేశాం. బయట నుంచి ఒక మనిషిని పట్టుకొచ్చారు. ఊరికి కొత్త, ఇద్దరు పిల్లల తండ్రి. ఈలాయన ఎవరో అతనికి తెలియదు. వాసన తగ్గాక దిగితే ఏం కాదని చెప్పారట. వాసన తగ్గాక. ఎవరు చెప్పారో పేరు అడిగితే, అద్దం వెనక కూర్చున్న సార్ అన్నాడు. అతన్ని పక్కన కూర్చోబెట్టి టీ ఇప్పించి, వాసన తగ్గడమంటే ఏంటో చెప్పాం. బకెట్టు కింద పెట్టేశాడు. ఇప్పుడు మేం ఇరవై మందికి పైగా తొట్టి మూత మీదా, చుట్టూ కూర్చుని ఉన్నాం. మిషన్లు ఆగి ఉన్నాయి. పోలీసులని పిలుస్తామన్నారు. పిలవండి, వాళ్ళకీ ఇదే చదివి వినిపిస్తాం.

అడుగుతున్నది వినండి. ఆ అమ్మాయి మీద కేసు కొట్టేసి, అడిగినా చెప్పని మేనేజర్ మీద, బ్లోయరు పెట్టని ఓనర్ మీద పెట్టండి. చేతిలో పట్టుకునే మీటరు తెండి, చెడిపోతే చెడిపోయానని మోత పెట్టేది, సున్నా చూపించేది కాదు. బాత్రూము మీద కెమెరా పీకండి. అయితే వీటిలో ఏదీ రేపటి దాకా ఆగినా ఆగుతుంది, ఒక్కటి ఆగదు. ఈ తొట్టిలోకి ఇంక మనిషి దిగడు. మీటరు తెచ్చినా దిగడు, బ్లోయరు పెట్టినా దిగడు. మడ్డి తోడే మిషను ఇవాళ, ఈ పూట, ఈ యార్డులోకి రావాలి. అది వచ్చేదాకా నీళ్ళు పొంగనివ్వండి. మీ ఆఫీసు మెట్లెక్కనివ్వండి. మేం లేవం. మిషను తెప్పించండి.